వెస్టర్‌బొట్టెన్‌లో నేను మూసిన దారి

మ్యాపులు దిద్దే పనిలో కొత్తగా చేరినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమని మా పాత ఆఫీసువాళ్ళు పిలిచారు. వెళ్ళాను. మైకు చేతికిచ్చారు. ఓపికగా పని చేయండి, కళ్ళు జాగ్రత్త అని చెప్పి, వాళ్ళు పెట్టిన కొబ్బరిపాల అన్నం, నాసి లెమాక్, తిని వచ్చేశాను. అసలు చెప్పాల్సినది గొంతు దాటి రాలేదు. అందుకే ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

నా పేరు సింహాచలం. మలేషియాలో, పెరాక్ రాష్ట్రంలోని తెలుక్ ఇంటాన్ దగ్గర ఒక కొబ్బరి ఎస్టేట్‌లో పుట్టాను. మొదట ఆ ఊళ్ళోనే ఒక ప్రైవేటు సర్వేయరు దగ్గర ట్రేసింగ్ పేపరు మీద ఎస్టేట్ ప్లాన్లు గీసేదాన్ని. ఆ తర్వాత సైబర్‌జయలో ఒక మ్యాపుల కంపెనీలో పద్దెనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో, జీతం ఎంత పెరిగిందో రాయను. అవి మీకూ వస్తాయి, పోతాయి. రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. వాన పడితే కుడి మణికట్టు లాగుతుంది. అవీ మీకు వస్తాయి.

చూడని జిల్లా

ఆ పద్దెనిమిదేళ్ళలో ఎక్కువ కాలం నేను దిద్దింది ఒక్క జిల్లానే. స్వీడన్ ఉత్తరాన ఉన్న వెస్టర్‌బొట్టెన్. దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. టికెట్టు కొనేంత డబ్బు ఒకటి రెండుసార్లు చేతిలో ఉండింది కానీ, ఆ చలికి నా ఎముకలు ఒప్పుకోవని మానేశాను.

కొత్తవాళ్ళకు ముందు ఆ నేల గురించి చెప్పాలి. వైశాల్యంలో అది మన పెరాక్ రాష్ట్రానికి రెండింతల పైనే ఉంటుంది. జనం మాత్రం పెరాక్ జనంలో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. ఆ కొద్దిమందిలోనూ చాలామంది తూర్పున సముద్రపు ఒడ్డున, ఊమియో అనే పట్నంలోనూ దాని చుట్టుపక్కలా ఉంటారు. అక్కడినుంచి పడమటికి వెళ్ళేకొద్దీ అడవి, చెరువు, మళ్ళీ అడవి. చివర నార్వే సరిహద్దు దగ్గర చెట్లు లేని కొండలు. వాటి మీద రెయిన్‌డీర్ మందలు, వాటిని మేపే సామీ జనం. కంప్యూటర్ తెర మీద ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా జరుపుకుంటూ పోయినా ఒక్క ఇల్లు తగలని రోజులున్నాయి.

సముద్రం సంగతి ఇంకా విచిత్రం. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట మంచు బరువుకు కుంగిన నేల అక్కడ ఇప్పటికీ ఏడాదికి వేలు మందాన పైకి లేస్తూ ఉందట. అందుకని తీరం సముద్రంలోకి జరుగుతుంది. పాత మ్యాపులో పడవలరేవు అని ఉన్నచోట కొత్త ఫొటోలో గడ్డి. మా తెలుక్ ఇంటాన్ కింద, నదీముఖం వైపు, సముద్రం గట్టు దాటి కొబ్బరితోటల్లోకి వచ్చేది. నీరు వెనక్కి తగ్గే తీరాన్ని గీయడానికి నాకు చెయ్యి అలవాటు పడటానికి ఏడాది పట్టింది.

పాలన మూడు చేతుల్లో ఉంటుంది. జిల్లాకు ఒక గవర్నరు. ఆయన్ని ఎవరూ ఓటేసి ఎన్నుకోరు, దేశ ప్రభుత్వం నియమిస్తుంది, మన జిల్లా ఆఫీసరు లాగానే. ఆసుపత్రులు, అంబులెన్సులు చూసుకునేది వేరే మండలి, దానికి ఎన్నికలుంటాయి. బడులు, ముసలివాళ్ళ సంరక్షణ పదిహేను మునిసిపాలిటీల పని. ఇక ఎవరు ఎక్కడ ఉంటున్నారన్న లెక్క పన్నుల శాఖ దగ్గర ఉంటుంది. మనిషి ఏ చిరునామా రాసిస్తే అక్కడ ఉన్నట్టు. ఈ ఆఖరి ముక్క గుర్తుపెట్టుకోండి. నాకు దాని విలువ చాలా ఆలస్యంగా తెలిసింది.

బురదలో ముంచిన చెరువులు

చేరిన కొత్తలో మాకిచ్చిన పని నీళ్ళకు రంగు వేయడం. చెరువుకు నీలం, బురదనేలకు గీతల ఆకుపచ్చ. పేరు చూసి రకం తేల్చుకోవచ్చన్నారు. అక్కడి చాలా పేర్ల చివర 'ట్రెస్క్' అని వస్తుంది. నిఘంటువు తీశాను. బురదనేల అని ఉంది. ఇంకేముంది, రెండు వారాలు కూర్చుని కనబడిన ట్రెస్క్‌నల్లా ఆకుపచ్చ చేశాను.

మా పని తీసుకునే స్వీడన్ ఆఫీసులో ఇంగ్రిడ్ అని ఒకావిడ ఉండేది. మ్యాపులు సరిచూసే అధికారి, నా ఈడుదే. ఫోన్ చేసింది.

"సిమ్మా," అంది. నా పేరు ఆవిడకు అంతవరకే పలికేది. "మా నాన్న చేపలు పట్టే చెరువును బురద చేశావు. ఆయన పడవ ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలి?"

నిఘంటువులో అలాగే ఉందన్నాను.

"నిఘంటువు రాసింది దక్షిణాన. మా ఉత్తరాన ట్రెస్క్ అంటే చెరువే. మా అమ్మమ్మ అలాగే అనేది, నేనూ అలాగే అంటాను."

ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఎందుకంటే ఆ దెబ్బ నేను చిన్నప్పుడే తిన్నదాన్ని. ఎస్టేట్ గుడి పక్క ఆదివారం తెలుగు బడికి ఆంధ్ర నుంచి వచ్చిన మాస్టారు ఒకాయన ఉండేవారు. "ఏటి మాస్టారూ?" అని అడిగితే, "ఏటి అంటే ఏరుకు సంబంధించినది. ఏటి నీళ్ళు, ఏటి ఒడ్డు. నువ్వు అడగాల్సింది ఏమిటి అని" అని అందరి ముందూ దిద్దారు. ఏడ్చుకుంటూ ఇంటికొస్తే అమ్మ, ఇక్కడ అందరం మాట చివర తగిలించే 'లా' తో సహా, అంది, "మన తాతలు సీకాకులం నుంచి తెచ్చుకున్న మాట లా అది. ఆయన ఏట్లో ఆయన్ని ఈదుకోమను."

అంత జరిగినదాన్ని, ఒకరి చెరువును నిఘంటువు చూసి బురద చేశాను. మళ్ళీ కూర్చుని అన్నీ నీలం చేశాను. ఎవరికీ నష్టం జరగలేదు కాబట్టి ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటాను. తప్పుల్లో ఇది సుఖమైన తప్పు.

రోహానా

మా జట్టు పెద్ద రోహానా. నాకంటే పదేళ్ళు చిన్నది. నన్ను కాక్ సిమ్ అనేది, సిమ్ అక్కా అని. నేను పువాన్ అనేదాన్ని, మేడమ్ అని, పెద్ద కుర్చీ కాబట్టి. ఆవిడ గురించి చెడ్డగా రాయబోతున్నానని అనుకోకండి. నా కళ్ళ ఆపరేషన్ రోజున ఆసుపత్రి బయట కూర్చున్నది ఆవిడే. కానీ ఆవిడ దగ్గర ఒక పట్టిక ఉండేది. రోజుకు ఎవరు ఎన్ని సవరణలు చేశారన్నది అందులో సాయంత్రానికి పడేది. ఆ పట్టిక ఆవిడ మీదివాళ్ళది. వాళ్ళ మీద ఇంకెవరో.

ఆ పట్టికలో నేను ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేదాన్ని. గొప్పగా ఉండేది, దాచుకోవడమెందుకు. యాభై దాటిన మనిషిని, ఇరవై అయిదేళ్ళవాళ్ళకంటే వేగంగా చేస్తున్నానని. మీలో వేగంగా చేసేవాళ్ళుంటారు. మీకోసమే రాస్తున్నాను.

అరనిమిషం పని

ఒక ఏడాది ఆగస్టులో 'చివరి దార్లు' అనే పని వచ్చింది. అడవిలోకి వెళ్ళి ఆగిపోయే దార్లు వేలకొద్దీ ఉన్నాయి. చాలావరకు ఎప్పుడో చెట్లు నరికినప్పుడు వేసినవి, ఇప్పుడు ఎవరూ తిరగరు. అలాంటివి మ్యాపులో తెరిచి ఉంచితే తెలియనివాడు బండి తోలుకుపోయి ఇరుక్కుంటాడు. కాబట్టి మూసేయాలి. నియమం తేలిక. విమానం నుంచి తీసిన ఫొటోలు రెండు చూడాలి, వేర్వేరు సంవత్సరాలవి. రెంటిలోనూ దారి స్పష్టంగా కనబడకపోతే, దారి చివర ఎవరూ ఉంటున్నట్టు జనాభా లెక్కలో లేకపోతే, మూసేయొచ్చు.

ఒక్కోదానికి అరనిమిషం. కొన్నిటికి అదీ అక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం ఒక చెరువు ఒడ్డున ఆగిపోయే దారి వచ్చింది. పెద్ద రోడ్డు నుంచి పదకొండు కిలోమీటర్లు. సగం దూరం చెట్లు మూసేశాయి. చివర మూడు ఇళ్ళు. రెంటికి కప్పు కూలింది, మూడోది నిలబడి ఉంది. జనాభా లెక్క సున్నా.

ఆ మూడో ఇంటి గోడ పక్కన కట్టెలు పేర్చి ఉన్నాయి.

అది నేను చూశాను. పొడుగ్గా, తిన్నగా పేర్చిన వరస. కోసి ఎక్కువ రోజులు కాలేదు. పాత కట్టె ఫొటోలో బూడిదరంగులో కనబడుతుంది, ఇది లేత పసుపు. ఇంటి ముందు గడ్డి కూడా కోసినట్టుంది. చెయ్యి ఆగింది. సెలవులకు ఎవరో వచ్చి ఉంటారనుకున్నాను. లెక్కలో సున్నా ఉంది కదా. ముందురోజు సాయంత్రం పట్టికలో నా పేరు నాలుగో చోట పడింది.

మూసేశాను. తర్వాత దానికి వెళ్ళిపోయాను.

నవంబరు ఫోను

నవంబరులో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి ఇంగ్రిడ్ ఫోన్ చేసింది. వాళ్ళకు ఉదయం ఎనిమిది. ఎప్పుడూ వాతావరణం గురించి ఒక మాట మాట్లాడకుండా పని సంగతి ఎత్తేది కాదు. ఆ రోజు నేరుగా ఎత్తింది.

"ఒక దారి నంబరు చెబుతాను. ఎవరు మూశారో చూసి చెప్పు."

నంబరు కొట్టాను. చెరువు, మూడు ఇళ్ళు. పక్కన సవరించినవారి గుర్తు. అది నాదే.

"నేనే," అన్నాను.

ఆవిడ జరిగింది చెప్పింది. ఆ మూడో ఇంట్లో వెర్నర్ అని ఎనభై దాటిన ముసలాయన ఒంటరిగా ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు అడవిపని చేసినవాడు. రెండేళ్ళ కిందట ఆయనకు గుండె జబ్బు చేస్తే కూతురు ఊమియోలో తన ఇంటికి తీసుకెళ్ళి, చిరునామా అక్కడికి మార్పించింది. ఆయన నాలుగు నెలలు ఉండి ఇంటికి తిరిగొచ్చేశాడు. చిరునామా మాత్రం వెనక్కి రాలేదు. కాగితం మీద ఆయన కూతురి ఇంట్లో ఉన్నాడు. మునిసిపాలిటీవాళ్ళు తాత్కాలికంగా వచ్చిన మనిషికి చేసినట్టు వారానికి మూడు రోజులు సహాయకురాలిని పంపేవాళ్ళు. ఎప్పుడూ వచ్చే సహాయకురాలికి ఆ దారి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆవిడకు జ్వరం వచ్చి వేరే ఊరి నుంచి కొత్త మనిషి వచ్చింది. దారి మూసి ఉండటంతో ఫోన్‌లోని మ్యాపు ఆ కొత్త మనిషిని చెరువు అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళి వదిలేసింది. మంచు మొదలైంది, ఫోనుకు సిగ్నల్ లేదు. ఆమె గంటన్నర వెతికి వెనక్కి తిరిగింది.

వెర్నర్ ఆ ఉదయమే వంటింట్లో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. పొయ్యి ఆరిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తరాలు తెచ్చే మనిషి కిటికీలోంచి చూసేదాకా అలాగే నేల మీద ఉన్నాడు.

"బతికాడు," అంది ఇంగ్రిడ్. "చలికి చచ్చుబడిన ఎడమచేతి రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది."

సారీ అన్నానేమో. ఆ మాట అన్నా అనకపోయినా ఒకటే.

రిపోర్టు

రెండు రోజుల్లో రిపోర్టు తయారైంది. జనాభా సమాచారంలోని పరిమితి వల్ల జరిగిందనీ, సవరణ నియమాల ప్రకారమే ఉందనీ. కింద నా సంతకం కావాలి. రోహానా తలుపు వేసి నన్ను కూర్చోబెట్టింది.

"కాక్ సిమ్, నువ్వు తప్పు చేయలేదు లా. రెండు ఫొటోలు చూశావు, లెక్క చూశావు. నియమంలో ఉన్నది చేశావు. ఇందులో అబద్ధం ఒక్కటి చూపించు."

నిజమే, అబద్ధం ఒక్కటీ లేదు. కట్టెల గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సంతకం పెట్టాను.

ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. మా మావ, అంటే నా భర్త అప్పలరాజు, పామాయిల్ తోటల్లో ముప్ఫై ఏళ్ళు గెలల లోరీ తోలాడు. ఆయన నా ముఖం చూసి, "ఏటయినాది?" అన్నాడు. మొత్తం చెప్పాను. దారి చెట్లలో కనబడలేదని కూడా చెప్పాను, అదేదో నా తరఫు సాక్ష్యం అయినట్టు.

"ఓలమ్మా," అన్నాడు. "నేను లోరీ తోలిన దార్లు పైనుంచి సూస్తే ఒక్కటైనా కనబడతాదా? ఆకులే కనబడతాయి. మరి నేనెలా ఎల్లినాను, ఎగిరెల్లినానా?"

"నియమం అలా ఉంది మావా."

"నియమానికి కళ్ళు లేవు. నువ్వు సూసినావు కదా. సూసినానని సెప్పినావా?"

"లేదు."

ఆయన నా కంచం తీసి, అన్నం మీద మూత పెట్టి, మళ్ళీ ఆకలేసినప్పుడు తినమన్నాడు.

ఆయన అడిగినదానికంటే నన్ను ఎక్కువ గుచ్చింది మరొకటి. తెలుక్ ఇంటాన్‌లో పనిచేసేటప్పుడు ఒక ఎస్టేట్ అమ్మకానికి ప్లాను గీశాను. శాశ్వత కట్టడాలు మాత్రమే వేయమన్నారు సర్వేయరు. కూలీల లైన్ ఇళ్ళు చెక్క గోడలు, రేకు కప్పు, వాటిని వదిలేయమన్నారు. ఆరు లైన్లు. మూడో లైనులో మా పిన్ని ఉండేది. వదిలేశాను. ఎస్టేట్ చేతులు మారాక అక్కడివాళ్ళు మాకు బదులు ఇళ్ళేవని అడిగితే, ప్లానులో అక్కడ ఖాళీ నేలే ఉంది. పిన్ని ఆ ప్లాను గీసింది నేనని తెలియకుండానే పోయింది. అది మా పెద్దాయన ఆజ్ఞ అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. వెర్నర్ దారి మూయమని నాకు ఏ పెద్దాయనా చెప్పలేదు.

చెప్పడం

మరుసటి రోజు మధ్యాహ్నం ఇంగ్రిడ్‌కు నేనే ఫోన్ చేశాను.

"రిపోర్టు అందింది," అంది.

"అందులో లేనిది ఒకటుంది. ఆ ఇంటి పక్కన కట్టెలు పేర్చి ఉండటం నేను చూశాను. కొత్త కట్టెలు. ఎవరో ఉన్నారని అనిపించింది. అయినా మూశాను."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడింది.

"ఇది నాకెందుకు చెబుతున్నావు?"

"చూశాను కాబట్టి."

"ఇది నేను రాయాల్సి ఉంటుంది, సిమ్మా. తెలుసు కదా?"

"రాయండి."

ఆవిడ రాసింది. ఆ మర్నాడే రోహానా గది తలుపు మళ్ళీ మూసుకుంది. ఈసారి ఆవిడ కూర్చోలేదు, నన్ను కూర్చోమనలేదు.

"సంతకం పెట్టిన తర్వాత వెళ్ళి చెబుతావా? ముందే నాతో చెప్పి ఉంటే రిపోర్టు వేరేలా రాసేదాన్ని. ఇప్పుడు నేను అబద్ధం రాశాననుకుంటున్నారు. ముప్ఫైమంది పని ఈ ఒప్పందం మీద ఉంది, ఒక్కసారైనా ఆలోచించావా?"

ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. ముందు ఆవిడకే చెప్పాల్సింది. నేను చెప్పలేదు, భయపడ్డాను. సంతకం పెట్టాక భయం తీరలేదు, అందుకే దొడ్డిదారిన వెళ్ళి చెప్పాను. నిజం చెప్పినంత మాత్రాన మనిషి మంచిగా ప్రవర్తించినట్టు కాదని అప్పుడు తెలిసింది. హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. చిన్నవాళ్ళ పని సరిచూసే బాధ్యత తీసేశారు. రోహానా ఆరు వారాలు నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం తిండికి పిలవడం మానేసింది. ఉత్తరం కంటే అదే ఎక్కువ నొచ్చింది.

ఒప్పందం మాత్రం పోలేదు. ఇంగ్రిడ్ నియమం మార్పించింది. కట్టెలు, కోసిన గడ్డి, బోర్లించిన పడవ, పొగ, బండి చక్రాల జాడ, ఏది కనబడినా దారి మూయకూడదు. ఏమీ కనబడకపోయినా, ఇల్లు నిలబడి ఉంటే ఫోన్ చేసి అడగాలి. అంతకుముందు మూసినవన్నీ మళ్ళీ చూడాలన్నారు. ఆ పని నాకే ఇమ్మని అడిగాను. నాలుగు నెలలు పట్టింది. పట్టికలో నా పేరు అట్టడుగుకు పోయింది. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని ఇళ్ళు దొరికాయి, మనుషులున్నవి. ఒక ఇంట్లో అన్నాచెల్లెళ్ళు ఇద్దరు ఉన్నారు. మీ దారి మూసి ఉందని ఫోన్‌లో చెబితే, "అందుకేనా ఈ ఏడాది అమ్మకాలవాళ్ళు ఎవరూ రాలేదు? బాగానే ఉంది, అలాగే ఉంచండి" అన్నారు. తెరిచాను.

ఆ చలికాలంలోనే ఇంగ్రిడ్ ఆసుపత్రికి వెళ్ళి వెర్నర్‌ను చూసి వచ్చింది. మలేషియాలో ఒకామె చూసి కూడా మూసిందని ఆయనకు చెప్పేసిందట. ఏమన్నాడో నేను అడగలేదు. ఆవిడే చెప్పింది.

"కట్టెలు చూసిందా అన్నాడు. చూసిందన్నాను. పైనుంచి వరస తిన్నగా ఉందా అని అడిగాడు."

"చాలా తిన్నగా ఉందని చెప్పండి."

"చెప్తాను. ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నీ మీద కోపం ఉందో లేదో నాకు తెలియలేదు, సిమ్మా. లేదని చెప్పి నిన్ను ఊరడించను."

నేను క్షమించబడ్డానని మీకు చెప్పలేను. ఈ పనిలో ఎవరి దారి మూశామో వాళ్ళు మనకు ఎప్పుడూ ఎదురుపడరు.

లెక్క

మే నెలలో ఆయన నడకకు ఆసరా బండి పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. వృద్ధాశ్రమం వద్దన్నాడట. కూతురు ఈసారి చిరునామా వెనక్కి మార్పించింది. మాకు వచ్చే జనాభా ఫైలులో ఆ చెరువు ఒడ్డున సున్నా పోయి ఒకటి వచ్చింది. ఆ ఒకటి చూడటానికి పని లేకపోయినా అప్పుడప్పుడు ఆ చోటు తెరిచేదాన్ని. కొత్త ఫొటోలు వచ్చినప్పుడు కట్టెలకంటే ముందు పొగ కోసం చూసేదాన్ని.

రోహానాతో మాటలు మెల్లగా కలిశాయి. ఒకరోజు తన టిఫిన్ డబ్బాలో కెట్టుపాట్, ఆకులో చుట్టి ఉడికించిన అన్నం, తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. నేను మర్నాడు బొబ్బట్లు తీసుకెళ్ళాను. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు. పట్టికలో ఇప్పుడు ఇంకొక గడి చేరింది, ఎవరు ఎన్ని ఫోన్లు చేశారన్నది. అది చేర్పించింది తనే.

రెండు చలికాలాలు గడిచాయి. నా రిటైర్‌మెంటుకు కొద్ది నెలల ముందు, ఏప్రిల్‌లో, కొత్త జనాభా ఫైలు వచ్చింది. చెరువు ఒడ్డున మళ్ళీ సున్నా.

ఇల్లు నిలబడే ఉంది. నియమం ప్రకారం ఫోన్ చేయాలి. ఫైలులో ఉన్నది కూతురి నంబరు. మధ్యాహ్నం నాలుగింటిదాకా ఆగి చేశాను, వాళ్ళు ఉదయం కాఫీ ముగించి ఉంటారని. ఏ ఆఫీసు నుంచి చేస్తున్నానో, ఏ దారి గురించో చెప్పాను.

"నాన్న జనవరిలో పోయారు," అంది ఆమె. "నిద్రలోనే. సహాయకురాలు పక్కనే ఉంది."

నా సంతాపం చెప్పాను. ఆ ఇంటికి ఇంక ఎవరైనా వెళతారా అని అడిగాను.

"లేదు. మా అబ్బాయిలు వెళ్ళరు. నాకూ ఆ చలిలో ఉండే ఓపిక లేదు. మంచు తీయించడం ఆపేశాం. దారి మధ్యలో వంతెన కూడా కుంగిందని చెబుతున్నారు." తర్వాత తనే అంది, "మూసేయండి. ఎవరైనా తెలియక వెళ్ళి ఇరుక్కుంటే అదో పాపం."

"అలాగేనండీ."

"మీ పేరు?"

చెప్పాను. పూర్తిగా చెప్పాను, సింహాచలం అని. నాన్న దారి మూసిన మలేషియా మనిషిని నేనేనని ఆమెకు అర్థమైనట్టుంది.

"ఫోన్ చేసి అడిగినందుకు థాంక్స్," అని పెట్టేసింది.

ఫోన్ కింద పెట్టి రెండు ఫొటోలూ చూశాను. గడ్డి కోయలేదు. గోడ పక్కన నేల ఖాళీగా ఉంది. పొయ్యిగొట్టం మీద పొగ లేదు. వంతెన ఒక పక్కకు ఒరిగింది. మూయడానికి కావాల్సినవన్నీ ఉన్నాయి. బాణంగుర్తు ఆ గీత మీద పెట్టి కూర్చున్నాను. వేలు కదల్లేదు.

అయిదున్నరకు రోహానా బ్యాగు భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరుతూ నా బల్ల దగ్గర ఆగింది.

"కాక్ సిమ్, ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"ఒకటే, పువాన్."

తెర వైపు చూసింది. ఆ చెరువును ఆవిడా మరిచిపోలేదు. బ్యాగు నేల మీద పెట్టి, పక్క బల్ల దగ్గరి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. తొందరపెట్టలేదు. నేను ఆ దారి మూసేదాకా అక్కడే కూర్చుంది.